తలుపులో దొరికిన అక్షింతలు

టెక్సస్ రాష్ట్రం, ఇర్వింగ్ నివాసిని, కీర్తిశేషులు రామమోహన్ గారి భార్యను, కృష్ణకుమారి అనే నేను, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా, నా స్వహస్తంతో రాసుకున్న వీలునామా ఇది. ఇంతకు ముందు రాసినవన్నీ రద్దు. నా మతి స్థిమితంగానే ఉంది. ఒళ్ళంతా కోపంగా కూడా ఉంది. కోపంలో రాస్తే చెల్లుతుందా అని లాయర్‌ని అడిగాను, చెల్లుతుందన్నారు. ఎవరికేమిటో ఆయన దగ్గరున్న ఇంగ్లీషు ప్రతిలో ఉంది. ఎందుకో ఇందులో ఉంది. నా కోడలు నమ్రత ప్రాణాలతో ఉండాలి. నేను కోరేది అదొక్కటే.

1. ఈ వీలునామా అమలు జరిపే ఎగ్జిక్యూటర్‌గా నా స్నేహితురాలు శశికళను నియమిస్తున్నాను. నా పట్టుచీరలు, పోపుల పెట్టె ఆమెకే చెందుతాయి. శశీ, ఆ మామిడిపిందెల చీర నీకు నప్పదు. అయినా తీసుకో, ఎప్పటినుంచో దాని మీద కన్నేశావు.

2. పక్కింటి గోపాల్ గారు ఈ వీలునామాకి సాక్షి. సాక్షి సంతకం పెట్టేవాళ్ళకి ఇందులో ఏమీ రాకూడదని లాయర్ గట్టిగా చెప్పారు. కాబట్టి ఆయన పోయిన దసరాకి పట్టుకెళ్ళిన నా డ్రిల్ ఆయనకి రాదు. శశికళ వెళ్ళి తెచ్చుకోవాలి. "రేపిస్తానండీ" అంటారు. ఇచ్చేదాకా గుమ్మంలోంచి కదలకూడదు.

3. నా ఇల్లు నా ఒక్కగానొక్క కొడుకు అవినాష్‌కి చెందదు. దాన్ని అమ్మి, భర్తల చేతుల్లో దెబ్బలు తిని బయటికొచ్చిన ఆడవాళ్ళకి నీడనిచ్చే ఏదైనా సంస్థకి, శశికళ ఎంచిన దానికి, ఇచ్చెయ్యాలి. అవినాష్ కోర్టుకెక్కితే ఈ కింది రెండు క్లాజులూ జడ్జిగారికి ఇంగ్లీషులో చదివి వినిపించాలి.

4. మా ఆయన కొన్న పాత నీలం కార్ సంగతి. దాని ఏసీ పోయి చాలాకాలమైంది. టెక్సస్ ఎండకి అద్దాలు దించుకునే తిరిగేదాన్ని. దిగడం బాగానే దిగేవి, ఎక్కడానికి ఏడ్చేవి. మా ఆయనకి చెబితే ఆ రబ్బర్లలో కొబ్బరినూనె పోసేవారు. "పూజ చేసిన బండి కుమారీ, దానికేం కాదు" అనేవారు. ఆ మహానుభావుడి మీద నాకు మిగిలిన కోపం ఇదే.

మొన్న జులైలో, అవినాష్ వాళ్ళ అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో నేను కార్ ఆపీ ఆపగానే నమ్రత చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చి నా పక్క సీట్లో పడింది. పెదవి చిట్లి ఉంది. వెనకే వాడు. నేను డోర్లు లాక్ చేసి, ఆమె వైపు అద్దం ఎత్తడానికి స్విచ్ నొక్కాను. అద్దం మూలుగుతూ సగందాకా వచ్చి ఆగిపోయింది. "అత్తయ్యా, గ్లాస్ రావట్లేదు, గ్లాస్ రావట్లేదు" అంటూనే ఉంది ఆ పిల్ల. వాడు ఆ సందులోంచి చెయ్యి దూర్చి, జుట్టు పట్టుకుని, ఆమె ముఖాన్ని అద్దం అంచుకేసి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. నేను స్టీలు క్యారేజీ ఎత్తి వాడి మణికట్టు మీద మోదాను. మూత ఊడి సాంబారు అందరి మీదా పడింది. రక్తమేదో సాంబారేదో తెలియలేదు. వాడు గొంతు కూడా పెంచకుండా, "మామ్, స్టే ఔట్ ఆఫ్ దిస్. ఇది మా ఇద్దరి మేటర్" అని, లోపలి నుంచి లాక్ తీసి ఆమెను ఈడ్చుకుపోయాడు. ఆమె పన్ను ఒకటి సీటు మీద దొరికింది. ఆ సాయంత్రం ఫోన్ చేస్తే, "పోలీసులొద్దు అత్తయ్యా, ప్లీజ్. నా గ్రీన్ కార్డ్ ఇంకా ఆయన సంతకం మీదే ఉంది. పాస్‌పోర్ట్ కూడా ఆయనే దాచేశారు" అంది.

5. ఉద్యోగమంతా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో చేసినదాన్ని. ఏది ఎక్కడ ఆగిందో తెలిసేదాకా నాకు కూడు సయించదు. మర్నాడు గరాజ్‌లో ఆ తలుపు విప్పాను. స్క్రూలు తీసి, ప్యానెల్ లాగి, స్విచ్ వైరు ఊడదీస్తే లోపల అక్షింతలు. కార్ కొన్నప్పుడు వాహన పూజలోనూ, ఆ తర్వాత ప్రతి దసరాకీ మా ఆయన గుప్పిళ్ళతో చల్లినవి. అద్దం పక్క సందులోంచి జారి, కొబ్బరినూనెకీ పసుపుకీ అతుక్కుని, అద్దం కదిలే గాడిలో గట్టి ముద్దలయ్యాయి. నూనెకి రబ్బరు ఉబ్బి అద్దాన్ని పట్టేసింది. మేం చల్లిన దీవెనలే ఆ పిల్ల పన్ను ఊడగొట్టాయి. గరాజ్ నేల మీద కూర్చుని నోటికొచ్చిన బూతులు తిట్టాను, ఎవరినో నాకే తెలియదు.

స్క్రూడ్రైవర్‌కి సబ్బునీళ్ళ గుడ్డ చుట్టి గాడంతా తోమాను. ఉబ్బిన రబ్బరు పీకి కొత్తది వేసి, సిలికోన్ స్ప్రే కొట్టాను. అద్దాన్ని ఎత్తే పట్టాల మీద పాత గ్రీజు గీకి కొత్తది పూశాను. మిగిలిన తలుపులూ అలాగే చేశాను.

సెప్టెంబర్‌లో నమ్రత ఉబర్‌లో మా ఇంటికొచ్చింది. ఎడమ చెయ్యి వేలాడుతోంది. డాక్టర్ దగ్గరికి బయల్దేరుతుంటే అవినాష్ తన కార్‌ని మా డ్రైవ్‌వేకి అడ్డంగా ఆపి దిగాడు. అదే కిటికీ, అదే చెయ్యి. నేను స్విచ్ నొక్కాను. అద్దం సర్రున లేచింది. వాడి వేళ్ళు అద్దానికీ పై ఫ్రేముకీ మధ్య ఇరుక్కున్నాయి. నేను స్విచ్ వదల్లేదు. ఎముక విరగడం విన్నాను. "అమ్మా" అని అరిచాడు. బడికి వెళ్ళడం మొదలెట్టాక వాడు నన్ను అలా పిలవలేదు. అయినా వదల్లేదు. లాన్ కోస్తున్న గోపాల్ గారు పోలీసుల్ని పిలిచి, వాళ్ళొచ్చి దించమనేదాకా వదల్లేదు. చేసినదానికి నాకు విచారం లేదు. వాడి కోసం రోజూ ఏడుస్తున్నాను. రెండూ నిజమే.

ఇప్పుడు వాడు బెయిల్ మీద బయటికొచ్చాడు. "దాన్ని ఎక్కడ దాచినా వెతికి చంపుతా, తర్వాత నువ్వే" అని నాకు మెసేజ్ పెట్టాడు. ఈ వీలునామా ఇవాళే రాయడానికి కారణం అదే.

6. తలుపులోంచి తీసిన అక్షింతలు ఆవకాయ సీసాలో పోసి ఉంచాను. అవి అవినాష్‌కి. మీ నాన్న నువ్వు చల్లగా ఉండాలని చల్లినవేరా అవి. నీకు నా దగ్గర మిగిలింది అంతే. నా శవాన్ని నువ్వు ముట్టుకోకూడదు. ఫ్యూనరల్ హోమ్‌లో దహనం బటన్ నొక్కేది శశికళ. ఆ చేతితో నువ్వు నొక్కడానికి వీల్లేదు.

7. నీలం కార్ నా ఆస్తి కాదు. ఇవాళ పొద్దున్నే దాని టైటిల్ కాగితం మీద సంతకం పెట్టి దాన్ని ఇచ్చేశాను. అది నా చావు కోసం ఎదురుచూడక్కర్లేదు. పోలీసులు తెచ్చిచ్చిన పాస్‌పోర్ట్, సిలికోన్ స్ప్రే డబ్బా ముందు అరలో ఉన్నాయి. ఎవరెంత చెప్పినా అద్దాలకి నూనె పెట్టవద్దు. ఇవాళ దసరా. అక్షింతలు కార్ మీద చల్లలేదు, ఆ పిల్ల తల మీదే వేశాను.

8. నమ్రతకి ఈ వీలునామాలో ఏమీ రాయలేదు. ఆమె సాక్షి.

ఇర్వింగ్, అక్టోబర్ 12, 2024.

(సంతకం) కృష్ణకుమారి

సాక్షులు:

గోపాల్, పక్కిల్లు, ఇర్వింగ్. (డ్రిల్ సంగతి చదివాను. రేపిస్తాను.)

నమ్రత. చిరునామా: రాయవద్దని అత్తయ్య చెప్పారు. కార్ స్టార్ట్ చేసే ఉంది.