పదిహేనో కిలోమీటరు దగ్గర

విజయనగరం, జనవరి 6

కూర్మయ్య మావకి నమస్కరించి దుర్గ రాస్తున్నది.

ఫోన్లో నువ్వు "ఆఁ? ఏటీ?" అనడం, నేను వీధంతా వినపడేలా అరవడం ఎందుకని ఈ ఉత్తరం. ఫిబ్రవరిలో మీ అండమాన్ వస్తున్నాను. నలభై ఏడేళ్ళొచ్చాయి, ఇంక పరుగే అని తేల్చుకున్నాను. ఏడాదిగా తెల్లారకముందే లేచి, ఎవరి కంటా పడకుండా కోట చుట్టూ అలవాటు చేసుకుంటున్నాను. ఇప్పటికి సగమే. పూర్తిది తర్వాత చూద్దాం. నాలుగు రోజులు మీ ఇంట్లో ఉంటాను.

నీ మేనకోడలు,
దుర్గ

తా.క.: ఎల్లాజీ రావడం లేదు. విషయం చెప్తే నవ్వాడు. అలాంటి మొగుడు.

పోర్ట్‌బ్లెయిర్, జనవరి 15

అమ్మా దుర్గా, సల్లగుండు.

నీ ఉత్తరం సదివి మీ అత్త లక్ష్మణమ్మ ఒకటే ఏడుపు. అంత కట్టం ఏటొచ్చిందమ్మా? ఈ వయసులో మొగుణ్ణొదిలి పరుగెత్తడమేటి? సగం పరుగేటి, వస్తే పూర్తిగా వచ్చెయ్. వెనక గది కాళీ సేసినాం. పోలీసు ధనరాజు మన సిక్కోలోడే, ఆడికి సెప్పినాను. ఎల్లాజీ పోటో ఒకటి పంపు, జెట్టీకాడ అంటిస్తాడు.

నీ మావ,
కూర్మయ్య

తా.క.: ఎల్లాజీకీ ఒక ఉత్తరం రాసినాను. మర్యాదగానే మొదలెట్టినాను.

విజయనగరం, జనవరి 24

మావా, నీకో దండం.

పారిపోవడం కాదు, పరుగు పందెం! ఇరవై ఒక్క కిలోమీటర్లు. హాఫ్ మారథాన్ అంటారు. షుగరు వచ్చేలా ఉంది, నడవమని డాక్టరంటే, నడక విసుగొచ్చి పరుగు మొదలెట్టాను. నేను ఎప్పుడైనా రోడ్డు మీద కనపడితే చాలు, "లెక్కల టీచరుకి బస్సు తప్పిపోయినట్టుంది" అని మా స్కూలు స్టాఫ్‌రూమంతా నవ్వుతుంది. ఒక్కసారి పూర్తిచేసి, ఆ పతకం వాళ్ళ బల్ల మీద పెట్టాలి. అదే నా కోరిక.

దుర్గ

తా.క.: నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి ఎల్లాజీ గిన్నెలు తోముతున్నాడు. ఏడాదికొకటి రాస్తూ ఉండు.

పోర్ట్‌బ్లెయిర్, ఫిబ్రవరి 2

అమ్మా దుర్గా, గుండె కుదుటపడింది.

అయితే ఇరవయ్యొక్క కిలోమీటర్లకి ఇక్కడ బస్సు ఉన్నాది కదమ్మా? సర్లే, నీ సరదా. రా.

కూర్మయ్య మావ

తా.క.: ఎవులూ తరమకండా మనిషి ఎలగ ఉరుకుతాడని మీ అత్త అడగతంది. ధనరాజు కాళీగానే ఉన్నాడు. కావాలంటే ఆడు తరుముతాడు.

విజయనగరం, ఫిబ్రవరి 27

మావకీ అత్తకీ వెయ్యి దండాలు.

పందెంలో ముగింపు గీత దాటాక మీరు కనపడలేదు. మధ్యాహ్నమే విమానం కాబట్టి చెప్పకుండా వచ్చేశాను. మావా, నలభై అయిదు దాటిన ఆడవాళ్ళలో నాదే మొదటి బహుమతి! పద్నాలుగో కిలోమీటరు దాకా నా ముందు ఆరుగురున్నారు. తర్వాత తల వంచుకుని, ఏ పక్కా చూడకుండా పరిగెత్తాను. తలెత్తేసరికి దారి ఖాళీ. ఎలా దాటేశానో నాకే తెలియదు! స్కూల్లో సన్మానం చేశారు. ఎల్లాజీయే శాలువా కప్పాడు. "చివరి ఆరు కిలోమీటర్లు నడిపించేది కాళ్ళు కాదు, మనసు" అని ప్రార్థనలో చెప్తే పిల్లలు నోట్సు రాసుకున్నారు.

విజేత,
దుర్గ

తా.క.: నా విజయ రహస్యం అడగడానికి రేపు పేపరాయన వస్తున్నాడు.

పోర్ట్‌బ్లెయిర్, మార్చి 8

అమ్మా దుర్గా, మా కడుపు నిండిపోనాది.

ఆ దినం మేం పదిహేనో కిలోమీటరు కాడ ఉన్నాం. అంతంత దూరం ఉరికినోల్లకి అరటిపండు ముక్క సేతిలో పెడతన్నారని మీ అత్త పేణం ఒప్పలేదు. కోనం సేప పులుసు, అన్నం వండి, రోడ్డు పక్కన పరదా పరిసి కూకుంది. ముందు ఎవులూ ఆగలేదు. ఒకావిడ వాసనకి ఆగినాది. ఆవిణ్ణి సూసి ఇంకో అయిదుగురు. "కూకోండమ్మా, ఏటంత తొందర?" అంటే కూకున్నారు. అందరూ నీ ఈడోల్లే. నువ్వు పోతంటే "దుర్గా, నీకూ వడ్డించినాను!" అని అత్త అరిసినాది. నువ్వు తలెత్తలేదు. మజ్జిగ దాకా వచ్చినాక ఒకావిడకి పందెం గురుతొచ్చినాది గానీ, లేవలేకపోనాది. ఆరుగుర్నీ ఆటోలెక్కించి పంపినాం.

నీ మావ,
కూర్మయ్య

తా.క.: పందెం కమిటీవోల్లు నిన్న ఇంటికొచ్చినారు. తిడతారనుకున్నాను. వచ్చే ఏడు కూడా పులుసు పెట్టమని బతిమాలినారు. గీత దాటినాక పెడదుమా, అదే సోట పెడదుమా అని మీ అత్త అడగతంది. నువ్వెలగంటే అలగే. ఎవులికీ సెప్పకండా, ఉత్తరంలోనే రాయి.