ప్రసాదానికి బరువుండదు

విశాఖపట్నం,
9-2-2002, శనివారం.

మస్కట్టులో నర్సమ్మగా వెలుగుతున్న మా ఖోఖో కెప్టెను శ్రీమతి కృపమ్మ గారికి, అంబాజీపేట మంగాయమ్మ ఇక్కడి ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూచుని పెట్టుకునే నమస్కారములు. మీ ప్రభువు దయవల్ల నువ్వూ, నీ పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మా అమ్మవారి దయవల్ల ఇక్కడ మేం ముగ్గురం కులాసా. ముగ్గురం అని రాసేను చూడు, ఆ ఒక్క ముక్క రాయడానికే ఈ కాగితాలు కొనుక్కొచ్చేను. గార్లూ నమస్కారాలూ అయిపోయాయి కాబట్టి ఒసే కృపా, ఇక కూచుని చదువు.

పోయిన శనివారం ఆపరేషను అయిపోయింది. లీలావతి కిడ్నీ మీ అన్నయ్యకి పెట్టేరు. బల్ల మీద ఉండగానే అది పనిలోకి దిగిపోయిందంట. డాక్టరు గారు బయటికొచ్చి, అమ్మా, యూరిన్ వచ్చేసింది అన్నారు. మొగుడు ఉచ్చ పోసేడని విని గోడకి తల ఆన్చుకుని భోరుమన్న ఆడది ఈ ప్రపంచంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఇప్పుడు పూటపూటా వెళ్ళి ఆ సంచీ చూసుకుని, పాడిగేదె పాలకేను చూసుకున్నట్టు మురిసిపోతున్నాను. పైగా ఇక్కడో మలయాళం నర్సు పిల్ల ఉంది. మందేసుకున్నారా అని ఆ పిల్ల అడగడం, మా ఆయన సత్తిరాజు గారు కోనసీమ మర్యాద పోకుండా ఆయ్ అనడం, ఆ పిల్ల నొప్పనుకుని సూది పట్టుకుని పరుగెత్తుకు రావడం. మూడు సూదులు పడ్డాక అవునండి అనడం నేర్చుకున్నాడు.

నీకు సగం తెలుసు గానీ మొదట్నుంచీ చెప్తాను, చెప్పుకోవడం నాకు సరదా. మా ఆయనకి కిడ్నీలు పోయినప్పట్నుంచీ వారానికి రెండుసార్లు రాజమండ్రి తీసుకెళ్ళి రక్తం కడిగించడం, తిరిగొచ్చి మంచమెక్కడం. చేతి నరాలు పాడైపోతున్నాయి, ఇలా ఎంతోకాలం లాగలేం, ఇంట్లోవాళ్ళు ఎవరైనా కిడ్నీ ఇస్తే మంచిది అన్నారు డాక్టర్లు. ముందు నేనే చెయ్యి చాపేను. నా రక్తం కలవలేదు. పాతికేళ్ళ కాపురంలో ఏదీ కలవలేదు, రక్తం మాత్రం ఎలా కలుస్తుందమ్మా అని మా అత్తగారు అననే అన్నారు. ఆయన చెల్లెలు లీలావతిది కలిసింది. కానీ దాని బరువు తొంభై నాలుగు. డెబ్బయ్యయిదుకి దిగితేగానీ కత్తి పట్టను, ఇచ్చేవాళ్ళ ప్రాణం కూడా నాకు ముఖ్యమే అన్నారు డాక్టరు గారు.

మన లీలావతి తొంభై నాలుగు! లంగా ఎగదోపి కాకినాడ ఫైనల్లో పరుగెత్తిన పిల్ల! అవతలి టీము తొమ్మిదిమందీ దాని నీడని కూడా ముట్టుకోలేకపోయేరు. నువ్వు ఈల వేస్తూ గంతులేసేవు, నేను కూచున్నదాని వీపు ముట్టుకోకుండానే ఖో అని అరిచి ఫౌలు తెచ్చేను, గుర్తుందా? కొబ్బరి కొట్టు సూరయ్య గారిని చేసుకున్నాక అది పరుగు మానేసింది గానీ పరుగెత్తేవాళ్ళు తినే తిండి మానలేదు. అదీ జరిగింది.

అయినా ఉగాది నుంచి పట్టుబట్టింది. అన్నం మాని పుల్కాలు మొదలెట్టింది. తెల్లారగట్ల కాలవ గట్టు మీద నడక. సోమవారం సోమవారం వాళ్ళాయన కొట్లో కొబ్బరి తూచే కాటా ఎక్కేది. హమాలీలు మర్యాదస్తులు, ఇది కాటా ఎక్కగానే అందరూ అటు తిరిగి బీడీలు ముట్టించుకునేవారు. ఎండలు పోయేసరికి ఎనభై రెండుకి దిగింది. ఇంకేముంది, ఇంకో రెండు నెలలు అనుకున్నాం.

అక్కడ ఆగిపోయిందే. ఆషాఢం వెళ్ళింది, శ్రావణం వెళ్ళింది, ఎనభై రెండే. పుల్కాలు మూడు నుంచి రెండు చేసింది, రెండు నుంచి ఒకటి చేసింది, ఎనభై రెండే. కాటా పాడైందేమోనని సూరయ్య గారు కొబ్బరి బస్తా పెట్టి చూసేరు. బస్తా సరిగ్గానే తూగింది. అప్పుడే కదా నీకు రాసేను, నువ్వు జవాబు రాసేవు. అంత తగ్గేక ఒళ్ళు మొండికేస్తుంది, తక్కువ తిండితోనే సరిపెట్టుకోవడం నేర్చేసుకుంటుంది, మాత్రలు గట్రా మింగించకండి, నడక చాలదు, గుండె దడదడలాడే పని పెట్టండి, దొంగతిండి ఏదైనా ఉందేమో చూడండి అని. నేను చదివి వినిపించేను. ఆయ్ అంది. అనడానికేముంది!

ఈలోగా ఊళ్ళో నోళ్ళు లేచేయి. ఇవ్వడం ఇష్టం లేక చాటుగా తింటోందని. మా అత్తగారికి ఇద్దరూ కడుపున పుట్టినవాళ్ళే. ఒకడు బతకాలంటే ఇంకొకర్ని కొయ్యాలి. ఆవిడ ఎవర్నీ ఏమీ అనకుండా ప్రతి సోమవారం కాటా దగ్గరికొచ్చి నిలబడేవారు. ముల్లు కదలకపోతే కొంగు నోట్లో కుక్కుకుని వెళ్ళిపోయేవారు. ఆవిడ్ని చూడ్డం నా వల్ల అయ్యేది కాదు. నిజం చెప్పొద్దూ, నాకూ ఆ అనుమానం పురుగులా తొలిచింది. ఒక బుధవారం అది గుడికని బయల్దేరితే, వెనకాల బస్సెక్కి ముసుగేసుకుని అయినవిల్లి వెళ్ళేను.

వినాయకుడి ముందు కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడింది. ఏదో గొణుక్కుంటోంది. నేను స్తంభం వెనక ఉన్నాను. బయటికొచ్చేక చూడాలి వైభవం. ఒక ఆకుదొప్ప నిండా పులిహోర, ఇంకో దొప్ప నిండా ఉండ్రాళ్ళు. అరుగు మీద కూచుని, ఎవరో తరుముతున్నట్టు తింటోంది. వెళ్ళి ముసుగు తీసేను. పొలమారింది. నీళ్ళిచ్చి, ఏంటే ఇది అన్నాను. ప్రసాదం వదినా అంది. తిండి కాదూ అన్నాను. ప్రసాదం తిండెలా అవుతుంది వదినా, దేవుడిది కదా, దానికి బరువుండదు అంది! నా పెళ్ళైనప్పట్నుంచీ చూస్తున్నావు కదా, నలుగురిలో నన్ను మంగా అనేది, తప్పు చేసినప్పుడు మాత్రం వదినా అంటుంది.

అడిగితే బయటపడింది. అన్నయ్య కోసం మొక్కులంట. సోమవారం శివుడి దద్దోజనం, మంగళవారం ఆంజనేయుడి వడలు, బుధవారం ఇదిగో ఇది, శుక్రవారం అమ్మవారి చక్రపొంగలి, శనివారం అప్పనపల్లి వెంకన్న, అక్కడైతే ఏకంగా భోజనమే. అన్నకి ప్రాణం పోస్తున్న తల్లివమ్మా నువ్వు అని పూజార్లు ఒక దొప్ప ఇచ్చే చోట రెండు ఇస్తున్నారు. ఇంటికొచ్చి ఒక్క పుల్కా తిని మొహం వేలాడేస్తోంది.

ఇప్పుడు ఏం చెయ్యను చెప్పు? ప్రసాదం తినొద్దని మనిషన్నవాళ్ళు చెప్పగలరా? మా అత్తగారితో అంటే చెంపలు వేసుకుని, తప్పు తప్పు, కళ్ళు పోతాయి అన్నారు. దేవుళ్ళ మాట కొట్టెయ్యాలంటే ఇంకో దేవుడే కావాలి. మన వైపు మనిషి ఒంటి మీదికొచ్చి మాట్లాడే దేవుడంటే అమ్మవారే కదా.

దసరాల్లో శుక్రవారం. ముందు గుళ్ళోకెళ్ళి ఒక కొబ్బరికాయ కొట్టి, తల్లీ, నీ పేరు వాడుకుంటున్నాను, ఒక్క పూట చూసీచూడనట్టు ఊరుకో అని దణ్ణం పెట్టుకున్నాను. డప్పులు ఊపందుకున్నాయి. జుట్టు ముడి ఊడదీసి, ఒక్క కేక వేసి, వేపమండ లాక్కుని ఊగడం మొదలెట్టేను. జనం చెల్లాచెదురు. పసుపునీళ్ళు తెచ్చి కుమ్మరించేరు, జలుబు వారం రోజులు వదల్లేదు. పాతికేళ్ళలో నన్ను ఒక్కసారైనా తిన్నగా చూడని మా అత్తగారు నా కాళ్ళ మీద పడి, తల్లీ ఏం కావాలమ్మా అన్నారు. అంత మంచి సమయం మళ్ళీ వస్తుందా? ఇంటి కోడలు ఉసూరుమంటోంది, పొద్దున్నే దానికి కాఫీ కలిపిచ్చి లేపు అన్నాను. అలాగే తల్లీ అన్నారు. ఆవేళ్టి నుంచీ మంచం దగ్గరికి కాఫీ వస్తోందే! చక్కెర కూడా సరిగ్గా వేస్తారు.

తర్వాత లీలావతిని ముందుకి లాగేను. దేవుడి పేరు చెప్పి దొప్పలు నాకుతున్నావా, ఇక మీదట తీర్థం పుచ్చుకో, పువ్వు పెట్టుకో, ప్రసాదం పక్కవాళ్ళకి పంచిపెట్టు, సాయంత్రం హైస్కూలు గ్రౌండుకెళ్ళి పరుగెత్తు, నీకు కాళ్ళిచ్చింది నేను అని గద్దించేను. తల దగ్గరికి లాక్కుని చెవిలో నాలుగు ముక్కలు దీవించి, వెళ్ళు అన్నట్టు వీపు మీద ఒక్క చరుపు చరిచేను. నోట్లోంచి అలవాటుగా ఖో అని వచ్చేసిందే! చచ్చేననుకున్నాను. డప్పుల గోలలో ఎవరికీ పట్టలేదు. అది నా వేషమని లీలావతికి ఈ రోజుకీ తెలీదు. నువ్వూ చెప్పకు.

మర్నాటి నుంచే గ్రౌండుకి వెళ్ళింది. ఆడపిల్లలు ఖోఖో ఆడుతుంటే మొదట్లో పక్కన నిలబడి ఆయాసపడేది. తర్వాత తర్వాత వాళ్ళ మధ్యలోకి దూరింది. చీర కుచ్చిళ్ళు దోపి మెలికలు తిరుగుతూ పరుగెత్తుతుంటే, పిల్లలు వెనకాల పడి ముట్టుకోలేక, ఆంటీ ఆగండి ఆంటీ అని బతిమాలుకున్నారంట. దీపావళికి కాటా ముల్లు కదిలింది. హమాలీలు మర్యాద మర్చిపోయి ఇటు తిరిగి చప్పట్లు కొట్టేరు. మా అత్తగారు కాటాకి దణ్ణం పెట్టేరు. జనవరి నెలాఖరుకి ఈ ఆసుపత్రి మిషను మీద డెబ్బై నాలుగు. డాక్టరు గారు లీలావతి చెయ్యి పట్టుకుని, ఏం చేసేవమ్మా అంటే, అమ్మవారు చెప్పిందండి అంది ఎంతో అమాయకంగా. నేను కిటికీలోంచి సముద్రం చూస్తున్నట్టు అటు తిరిగేను.

ఇప్పుడు అది లేచి వరండాలో నడుస్తోంది. మీ అన్నయ్య మొహానికి నెత్తురొచ్చింది, నా వంట మీద వంకలు పెడుతున్నాడు. అంతకన్నా ఏం కావాలి? పిల్లలకి నా ముద్దులు. వచ్చేటప్పుడు సెంట్లూ అవీ వద్దు, నాలుగు కేజీల ఖర్జూరం పట్టుకురా. లీలావతికి చూపించొద్దు.

ఇట్లు,
మన టీములోకెల్లా ఎక్కువ ఫౌళ్ళు చేసిన
మంగాయమ్మ

తా.క. ఉత్తరం తలగడ కింద పెట్టి కిందకి ఇడ్లీకి వెళ్ళొచ్చేసరికి లీలావతి మొత్తం చదివేసింది! కుట్లు ఊడతాయని పొట్టకి తలగడ అదుముకుని మరీ నవ్వుతోంది. నవ్వు ఆపి, అసలు ముక్క రాయలేదేమే మంగా అంది. ఎందుకులే అన్నాను. కెప్టెనుకి తెలియాలి, రాయి, నేను చెప్తున్నానుగా అని పక్కనే కూచుంది. అందుకని రాస్తున్నాను.

అయినవిల్లిలో స్తంభం వెనక నాకు అది గొణిగింది వినపడిందే. బరువు తగ్గించమని కాదు అది అడిగింది. స్వామీ, ఈ నెలకి కూడా దిగకుండా చూడు, నాకు భయమేస్తోంది, అన్నయ్యకి తెలియనివ్వకు అని. పిల్లల్ని కూడా ఇంట్లోనే కన్న మనిషి, ఈ రక్త పరీక్షల దాకా ఆసుపత్రి గడప తొక్కలేదు. తొమ్మిదిమందికి చిక్కని పిల్ల అక్కడ భయానికి చిక్కింది. జుట్టు పట్టుకుందామని వెళ్ళినదాన్ని, నీళ్ళిచ్చి వచ్చేసేను.

అందుకని పూనకంలో చెవిలో చెప్పింది దీవెన కాదు. భయమైతే మానెయ్యవే, కాటా దిగలేదన్న సాకు ఉండనే ఉంది, దాన్నే ఉంచుకో, నిన్ను ఒక్క మాటన్నవాళ్ళ నోట్లో గడ్డి పెడతాను, సత్తిరాజు సంగతి నేను చూసుకుంటాను అని చెప్పేను. ఏం చూసుకుంటానో నాకే తెలీదు. అయినా చెప్పేను.

దానికి ఇది ఇప్పుడు ఏమంటోందో విను. ఆ మాట విని, అమ్మవారు పరీక్ష పెడుతోందనుకుని ఇంకా బిగుసుకుపోయిందంట. వీపు మీద ఆ చరుపు పడ్డాక తెలిసిందంట, అది నేనని. అమ్మవారికేం పోయింది, ఎన్నయినా చెప్తుంది, మొగుడు పోతాడని తెలిసీ నువ్వు వదిలెయ్యమన్నావు కదే, ఆ పూట ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయాను, లేచేసరికి భయం ఎటు పోయిందో తెలీదు అంది. నాకు చెప్పలేదేమే ఇన్నాళ్ళూ అంటే, చెప్తే నీ కాఫీ పోదూ అంది.

చదివేక ఈ ఉత్తరం చింపెయ్యవే కృపా. ఎంతైనా మా అత్తగారు పెట్టే కాఫీ బాగుంటుంది.