తెల్లబడ్డ అంచులు

ఆగ్స్‌బర్గ్, మంగళవారం

వాల్బుర్గక్కా, బతికే ఉన్నాం, అంతవరకే. మఠం వాళ్ళు బాగుచెయ్యమని ఇచ్చిన నాలుగొందల ఏళ్ళ నాటి అచ్చు విజ్ఞాన సర్వస్వాన్ని, ఊళ్ళో బైండర్లందరూ చేసినట్టే, మా ఆయన మందునీళ్ళలో నానబెట్టి తెల్లగా కడిగాడు. అచ్చు నిలిచింది. తరతరాల సన్యాసులు అంచుల్లో చేత్తో రాసుకున్నదంతా మరకలతో పాటే పోయింది. పెద్ద ఫాదర్ పేజీలు తిప్పి, "ఎంత శుభ్రంగా ఉందయ్యా లియోన్‌హార్డూ! ఎవరూ చదవనట్టే ఉంది" అన్నారు. అప్పట్నుంచి ఈయన పనిముట్టు ముట్టలేదు. "నాలుగు తిట్టినా బాగుండేదే" అంటూ గోడకేసి చూస్తున్నాడు.

నీ మోకాలు తగ్గిందా? ఆవు ఈనిందా? పులిసిన క్యాబేజీ ఒక జాడీ పంపు, ఇంట్లో వంట సాగడం లేదు. పిల్లలను దేవుడు చల్లగా చూడాలి. అట్ట వేయించమని అమ్మ ప్రార్థన పుస్తకం పంపుతానన్నావే, పంపకు. పోయిన మన తమ్ముళ్ళ పేర్లు అందులో అమ్మ చేతిరాతలో ఉన్నాయి.

నీ చెల్లెలు క్రెసెన్స్