ఆయన ఇంటికొచ్చే వేళ

1934 జనవరి 14

ఎస్టేట్‌కి వచ్చినాక ఇదే మొదటిసారి రాయడం. క్లాంగ్ పట్నంలో అన్న ఆల్బర్ట్ ఇంట్లో ఉన్నన్నాళ్లూ రాసేదాన్ని. మిషన్ స్కూల్లో చిన్నపిల్లలకి అక్షరాలు చెప్పేదాన్ని. క్రిస్మస్ దాటగానే అన్న పెళ్లి చేసేసినాడు. ముందు నన్ను అడిగినాడు. నేను కాదనలేదు. ఔననీ అనలేదు.

ఆయన పేరు ప్రకాశం. ఇక్కడ, సుంగై సుమున్ దగ్గర, నూనెతాటి తోటలో పుప్పొడి గ్యాంగ్‌కి మండోరు, అంటే కూలీల మీద మేస్త్రీ. మగ పూలగుత్తులు కోసి, కాగితం మీద దులిపి, ఆ పచ్చటి పొడిని ఎండబెట్టి, రబ్బరు బుడ్డితో ఆడ పూల మీద ఊదాలి. అప్పుడే గెల నిండుగా కాస్తుందట. గాలి చెయ్యాల్సిన పని ఆడవాళ్ల చేత చేయిస్తున్నాను అన్నాడు. ఈ పనికి మేనేజర్ ఆయన్ని తప్ప ఇంకెవర్నీ నమ్మడట. ఆ మాట చెప్పేటప్పుడు మొహం వెలిగింది. మామూలుగా మాట తక్కువ మనిషి. ఒంటి మీద ఎప్పుడూ సోంపు వాసన. ఆ పూల వాసనే అట.

అత్త పేరు విక్టోరియా. ఇంతవరకూ నన్నేమీ అనలేదు.

జనవరి 23

సాయంత్రం ఆయన డ్యూటీ నుంచి వస్తే కోటు అందుకుని మేకుకి తగిలించినాను. అన్నం వడ్డిస్తూంటే తుమ్ములు. కళ్లు దురద. తరవాత ఊపిరి లోపలికి పోతోంది గాని బయటికి రాదు. గోడ పట్టుకుని కూలబడినాను. ఛాతీలో పిల్లికూతలు. కట్టెల పొగ అనుకున్నాం.

జనవరి 31

మళ్లీ. పొయ్యి ఇంకా వెలిగించనే లేదు.

ఫిబ్రవరి 7

ఆస్పత్రి డ్రెస్సర్ దగ్గరికి అత్త తీసుకెళ్లింది. ఇక్కడ వైద్యం చేసేది అతనే. ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నాడు. ఆస్తమా కావచ్చు, దేనివల్లో చెప్పలేను అన్నాడు. ఎప్పుడొస్తుంది అని అడిగినాడు. నేను నోరు తెరిచేలోపు అత్తే చెప్పింది, నా కొడుకు ఇంట్లో అడుగుపెట్టగానే వస్తుంది అని. డ్రెస్సర్ నాకేసి చూసినాడు. మనసులో బెంగ ఉన్నా ఇలా అవుతుంది అన్నాడు. మిక్స్చర్ ఇచ్చినాడు. చేదు.

దారంతా అత్త నాకంటే పదడుగులు ముందే నడిచింది.

ఫిబ్రవరి 11

ఆదివారం. ప్రార్థనకి వెళ్లినాం. పాట కూడా పాడినాను. ఇంటికొచ్చినాక అత్త అంది, పదిమందిలో ఉంటే గొంతు బాగానే లేస్తుందే, మొగుడు పక్కనుంటేనా ఊపిరాడదు అని. ఆయన పెరట్లో ఉన్నాడు. వినేలాగే అంది.

ఫిబ్రవరి 12

అత్త మాట నిజమేనేమో.

ఫిబ్రవరి 15

నిన్నంతా అదే ఆలోచన. పెళ్లికి మనసారా ఔననలేదు కదా. నోటితో చెప్పలేనిది ఒళ్లు చెబుతోందా. కానీ ఆయనంటే నాకు అసహ్యం లేదు. పొద్దున్న నాకంటే ముందు లేచి నీళ్లు తోడి పెడతాడు. బావి గట్టు జారుడని బూడిద చల్లుతాడు. పగలు ఆయన్ని తలుచుకుంటే నవ్వొస్తుంది. సాయంత్రం చెప్పుల చప్పుడు వినబడితే గుండె దడ. ఆయన్ని చూసి కాదు. రాబోయేదానికి. ఆ తేడా ఎవరికి చెప్పేది?

కూలీ లైన్ల ఇళ్లలో ఆడవాళ్లు నన్ను చూసి మాటలాపేస్తున్నారు.

ఫిబ్రవరి 20

నిన్న సాయంత్రం ఆయన లోపలికి రాలేదు. గుమ్మం దగ్గరే నిలబడిపోయినాడు.

"నానంటే నీకు కిట్టదా? ఉన్నమాట సెప్పు. నానేటీ అనుకోను."

కాదని చెప్పడానికి నోరు తెరిస్తే దగ్గొచ్చింది. దగ్గు ఆగేసరికి ఆయన లేడు. అన్నం అరుగు మీదే తిన్నాడు. కోటు మడిచి తలకింద పెట్టుకుని అక్కడే పడుకున్నాడు. నాకు హాయిగా ఊపిరాడింది. పొద్దున్న అత్త నా మొహం చూసి, ఇంకేటి సాక్ష్యం కావాల అంది.

మార్చి 3

పెదాలు నీలంగా అయిపోయినాయట. నాకు తెలీదు. కళ్లు తెరిచేసరికి డ్రెస్సర్ ఉన్నాడు. ఆయన చెట్టు కింద దూరంగా ఉన్నాడు. దగ్గరికి వస్తే నేను చచ్చిపోతానని భయపడుతున్నాడు. రమ్మని చెయ్యి ఊపే ఓపిక కూడా లేదు నాకు.

నన్ను క్లాంగ్ పంపుతారట.

మార్చి 10. క్లాంగ్

మెట్లు ఎక్కి దిగుతున్నాను. బావినీళ్లు మోస్తున్నాను. ఒక్క తుమ్ము లేదు. ఇంత బాగుండటం కంటే చెడ్డ సంగతి ఇంకోటి లేదు. వదిన డోరతీ సంతోషపడుతోంది. అన్న మాత్రం తల పట్టుకున్నాడు. పాస్టరుగారితో మాట్లాడాలంటున్నాడు. మొగుడి నీడ పడనివాళ్లకి ఏ దారుందో కనుక్కోవాలట. నీడ కాదన్నా అన్నాను. మరేంటి అన్నాడు.

మార్చి 22

ఆయన నుంచి కబురు లేదు.

ఏప్రిల్ 1. ఈస్టర్

నిన్న సాయంత్రం గుమ్మంలో ఆయన! చేతిలో ట్రంకు పెట్టె. వచ్చీ రాగానే బావి దగ్గర స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని, గదిలో ఆ మూల కూర్చున్నాడు. ఈ మూల నేను. ఇద్దరం నా ఊపిరి కోసమే వింటున్నాం. ఏమీ కాలేదు.

ఈ రోజు చర్చిలో పక్కన నిలబడినాను. ఏమీ కాలేదు. మధ్యాన్నం ఏటి ఒడ్డుకి నడిచినాం. చెయ్యి పట్టుకున్నాడు. అప్పుడూ ఏమీ కాలేదు. ఆయన నవ్వినాడు. పళ్లు కొంచెం వంకర. పెళ్లయి ఇన్నాళ్లకి ఈ రోజే చూసినాను.

నేను ఔనంటాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే.

ఏప్రిల్ 2

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్న ఆయన పెట్టె తెరిచినాడు. నేను అక్కడ వదిలేసిన అద్దం తెచ్చినాడు. రైల్లో పగలకుండా తన పని కోటులో చుట్టినాడు. నీ సామాను తిరిగిచ్చేస్తున్నాడే అని వదిన నా చెవిలో అంది. నేను పట్టించుకోకుండా కోటు విప్పి, అద్దం తీసి, కోటు దులిపినాను. పచ్చటి పొడి మొహాన పడింది.

తుమ్ము. ఇంకో తుమ్ము. గొంతు మూసుకుపోయింది. ఆయన పరిగెత్తుకొచ్చి కోటు లాక్కున్నాడు. అప్పుడు తెలిసింది నాకు. అద్దం మీద వెలుగు పడినట్టు తెలిసింది. కోటు! మాట రాదు. వేలెత్తి చూపించినాను. పో, పో అన్నట్టు చెయ్యి ఊపినాను. పొమ్మన్నది కోటుని. కోటు ఆయన గుండెకి ఆనించి ఉంది.

ఆయన మొహం చూసినాను. ఎప్పటికీ మరిచిపోను. ఆ కోటుతోనే వెళ్లిపోయినాడు.

ఊపిరి కుదుటపడేసరికి అన్న కోపంగా అంటున్నాడు, చూసినావా, అతను గుమ్మం దాటగానే తేరుకున్నావు అని. చెప్పులైనా లేకుండా స్టేషన్‌కి నడిచినాను. వెనక వదిన కేకలు. నడక తప్ప పరుగు చేతకాలేదు. రెండుసార్లు దుకాణాల గోడ పట్టుకుని ఆగినాను. రైలు పోయి ఉంటే ఇక చెప్పేదెవరికి, నమ్మేదెవరు?

రైలు రాలేదు. ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద ఉన్నాడు, ఒళ్లో కోటు. నన్ను చూసి లేచినాడు, ఇంకా దూరం జరగడానికి.

"మీరు కాదు! ఆ కోటు! ఆ పొడి నాకు పడదు!"

ప్లాట్‌ఫారం అంతా తిరిగి చూసింది. ఆయనకి అర్థం కాలేదు. గ్యాంగ్‌లో ఆడవాళ్లు రోజంతా ఆ పొడిలోనే ఉంటారు, ఎవరికీ ఏమీ కాలేదు అన్నాడు. వాళ్లకి కాదు, నాకవుతుంది అన్నాను. నిన్నంతా పక్కనే ఉన్నారు కదా, చెయ్యి పట్టుకున్నారు కదా అన్నాను. అక్కడి నుంచే, అందరూ వింటూండగానే అన్నాను.

చాలాసేపు కోటుకేసి చూసినాడు. దాన్ని పట్టాల అవతలికి విసిరేసినాడు. కుళాయి దగ్గర మొహం, చేతులు కడుక్కున్నాడు. చొక్కా కూడా విప్పి తడిపినాడు. తడి చొక్కాతో వచ్చి ఒక్కో అడుగూ ఆగి ఆగి వేస్తూ నా ముందు నిలబడినాడు.

ఊపిరి పీల్చినాను. వదిలినాను. మళ్లీ పీల్చినాను.

ఆయన ఏడుస్తున్నాడు.

ఏప్రిల్ 3

ఒకరు ఎస్టేట్‌కి, ఒకరు క్లాంగ్‌లో. మళ్లీ అంతే. ముందు పని సంగతి తేలాలి, అప్పుడు నువ్వు రా అన్నాడు.

ఏప్రిల్ 24

వచ్చినాడు తీసుకెళ్లడానికి. మండోరు పని వదిలేసినాడు. మేనేజర్ మొదట నమ్మలేదట, తరవాత కోప్పడినాడట. కాలవలు తవ్వే గ్యాంగ్‌లో మామూలు కూలీగా వేసినాడు. తన కింద పనిచేసిన ఆడవాళ్లే ఇప్పుడు గట్టు మీంచి చూసి పలకరిస్తున్నారట. చెబుతూ నా వైపు చూడలేదు. బాధగా ఉందా అని అడిగినాను. ఉంది అన్నాడు. అబద్ధం చెప్పనందుకు ఎక్కువ నచ్చినాడు.

మే 5. ఎస్టేట్

కొత్త ఇల్లు తోటకి దూరం, కాలవ పక్కన. గాలి ఇటు తిరిగిన రోజు తుమ్ములు వస్తాయి. పిల్లికూతలు రాలేదు. అత్త నాతో మాట్లాడటం లేదు. ఆయన మండోరు పని పోగొట్టింది నేనేనని కోపం. అది నిజమే కాబట్టి నేనూ ఏమీ అనడం లేదు. కానీ ఇల్లు మారినప్పుడు ఆయన పాత బట్టలన్నీ తనే మోసుకుపోయి దూరంగా ఉడకబెట్టింది. నన్ను అటు రానివ్వలేదు.

మే 19

పొద్దున్నుంచీ వాన. ఆయన ఒళ్లంతా బురదతో వచ్చినాడు. కడుక్కుని రమ్మని అత్త అరిచింది. నేను చెయ్యి పట్టుకుని అలాగే లోపలికి తీసుకొచ్చినాను. ఇల్లంతా బురద అడుగులు.