పత్తి గది తలుపు

చిరంజీవి సమీరాకు తాత దీవెనలు, సలాం.

ముందుగా నా రాతకు ఏమీ అనుకోవద్దు. ఐదో తరగతితో బడి మానినవాణ్ణి, ఒత్తులూ దీర్ఘాలూ తప్పుతాయి. సన్నాయి మీద ఏడు రంధ్రాలు మూసి తెరిచిన వేళ్లు ఒక్క కలాన్ని పట్టలేకపోతున్నాయి. కూడబలుక్కుని చదువుకో.

ఇక్కడ అందరం బాగున్నాం. మీ నానమ్మ నిన్న వాకర్ లేకుండా గుమ్మం దాకా నడిచింది. మీ నాన్న మిరప కల్లంలోనే ఉంటున్నాడు. మబ్బు పడితే పట్టాలు కప్పడం, ఎండ రాగానే తీయడం. ఆ ఘాటుకు నాకు దగ్గు, అటు వెళ్లడం లేదు. మీ అమ్మ నీకోసం కొరివికారం జాడీకెత్తింది. గుంటూరులో సరిగా తింటున్నావా?

నీ ఉత్తరం శుక్రవారం అందింది. ఫోన్లో మాట్లాడు తాతా అని రాశావు. ఫోన్లో నాకు మాట రాదు. ఎదురుగా ఉన్నా రాదు, నీకు తెలుసు. అందుకే రాస్తున్నాను.

కోపమా తాతా అని అడిగావు. అవును, కోపమే. ఆ రోజు ఏం జరిగిందో నీకు ఎవరూ చెప్పి ఉండరు.

నీ కాలేజీ కవరు నా పేరున వచ్చింది. నా పేరున పింఛను కాగితం తప్ప ఏదీ రాదు. లోపల అంతా ఇంగ్లీషు. రామాలయం అరుగు మీద బాపయ్య ఉంటే ఇచ్చాను. నలభై ఏళ్లు నా పక్కన డోలు కొట్టినవాడు, పది దాకా చదివాడు. కళ్లజోడు పెట్టుకుని చదివి తొడ చరిచి నవ్వాడు.

"ఒరేయ్ ఇమామూ! దొంగ వెధవా! మనవరాలికి ఎనిమిదేళ్లు పాఠం చెప్పి నాకు మాటైనా చెప్పలేదేరా? డోలు కొట్టినందుకు వాటా అడుగుతాననా?"

"ఏం పాఠంరా?"

"ఇదిగో, సమీరా మీ శిష్యురాలేనా, ఎనిమిదేళ్లు మీ దగ్గర సంగీతం నేర్చుకుందా, నిజమైతే సంతకం పెట్టండి అంటున్నారు. మద్రాసులో సంగీతంతో వైద్యం చేసే చదువంట. ఏరా, పిల్ల బ్యాంకు పరీక్షలకు కోచింగులో ఉందన్నావుగా?"

అన్నాను. ఊళ్లో అడిగిన ప్రతివాడికీ అదే అన్నాను. మీరు నాకు చెప్పిందే అన్నాను. అరుగు మీద ఇంకో నలుగురు ఉన్నారు. చెప్పులు అక్కడే మరిచి ఇంటికి వచ్చేశాను.

మీ నాన్నను అడిగాను. "నీకు చెబితే ఒప్పుకుంటావా నాన్నా? మన ఇంట్లో ఆడపిల్లకు సన్నాయి పాఠం లేదన్నది నువ్వే గదా" అన్నాడు. మీ అమ్మ నస్రత్ తల దించుకుంది. అప్పుడు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. నువ్వు ఏడాదిగా మాటరాని పిల్లల బడిలో పాడుతున్నావట. నానమ్మకు పక్షవాతం వచ్చి మాట పోయినప్పుడు, నేను కల్లానికి వెళ్లగానే నువ్వు మంచం పక్కన కూర్చుని మేలుకొలుపు పాడేదానివట. ఆమె నోట మొదటి మాట ఆ పాటలోనే వచ్చిందట. నాకేమో మందులు పనిచేశాయన్నారు. నేను బస్తాడు ఎండుమిరపకాయలు మోసుకెళ్లి డాక్టరుగారికి ఇచ్చి, దణ్ణం పెట్టి వచ్చాను.

మీరంతా సరే. జైతున్‌బీ కూడానా? యాభై ఏళ్ల కాపురం. మంచం మీద నుంచి ఒక్కో మాటా కూడగట్టుకుని, "నేనే... చెప్పొద్దన్నా" అంది. ఆమెకు మాట రావాలని మసీదులో ఎంత ఏడ్చానో ఆమెకు తెలియదు. మాట వచ్చాక, ఆ వచ్చిన సంగతే నా దగ్గర దాచింది. రెండేళ్లు.

మూడు రోజులు నేను ఎవరితోనూ కూర్చుని అన్నం తినలేదు. ఆ కాగితం సన్నాయి సంచిలో పెట్టి తాడు బిగించాను. నా శిష్యుడు మీ చిన్నాన్న కొడుకు అయూబు. నువ్వు వాకిట్లో పత్తిగుల్లలు వలుస్తూ కూర్చునేదానివి, అంతే కదా. ఎనిమిదేళ్లని ఏ ముఖంతో రాసింది అనుకున్నాను.

చదువు సంగతి అడిగావు. ముందు ఏడాది డిప్లొమా, తర్వాత ఆసుపత్రిలో శిక్షణ, ఆపైన ఎం.ఏ. అని వరసగా రాశావు. నాకు వాటి గురించి తెలియదు, వరస మాత్రం బాగుంది. మధ్యది దాటెయ్యొద్దు. ఊపిరి కుదరకముందే కీర్తన ఎత్తుకున్నవాడు పెళ్లి పందిట్లో నవ్వులపాలవుతాడు. పరీక్షలో ఏం పాడాలన్నావు. నానమ్మకు పాడిందే పాడు. రాగంతో రోగం పోతుందని మాత్రం ఎవరికీ మాటివ్వకు. పాడే ముందు ఎదుటి మనిషి ఊపిరి చూడు, శృతి దానికి తగ్గట్టు పెట్టు. నాకు తెలిసింది అంతే.

ఇక సంతకం మాట. ఇది రాయలేక నాలుగు కాగితాలు చింపాను.

పాఠం పత్తి గదిలో ఎందుకు పెట్టానో నీకు తెలుసు. గది నిండా పత్తి ఉండి తలుపు వేస్తే చప్పుడు బయటికి పోదు, అయూబు అపస్వరాలు ఊరి చెవిన పడవు. నువ్వు వాకిట్లో కూర్చోవడం మొదలుపెట్టాక ఆ తలుపు తీసి పెట్టింది నేనే. గాలి ఆడటం లేదని వాడితో అన్నాను. వాడికి ఒకసారి ఊదితే చాలినదాన్ని మూడుసార్లు ఊదేవాణ్ణి. మూడోసారి తలుపు వైపు తిరిగి. నీ చేతిలో గుల్ల ఆగిపోయేది. పట్టుకుందిలే అనుకునేవాణ్ణి. లోపలికి రమ్మని మాత్రం పిలవలేదు. మా నాన్న పెట్టిన కట్టు దాటే ధైర్యం నాకు లేకపోయింది. మీ నాన్నకు చెప్పలేదు, జైతున్‌బీకి చెప్పలేదు, నీకూ చెప్పలేదు.

నిన్న కాగితం మళ్లీ బయటికి తీసి లెక్క వేశాను. అయూబు ఆరేళ్లు నేర్చుకుని మానేసి వేటపాలెం జీడిపప్పు పనికి పోయాడు. నువ్వు ఎనిమిది అన్నావు. రెండేళ్ల అబద్ధం దొరికిందని సంబరపడ్డాను కూడా. కాసేపటికి గుర్తొచ్చింది. వాడు పోయాక రెండేళ్లు రోజూ అదే వేళకు ఆ గదిలో కూర్చున్నాను. తలుపు తీసి, ఒక్కో వరసా మూడేసిసార్లు ఊదాను. లోపల పత్తి తప్ప ఎవరూ లేరు.

నీ లెక్కే సరి. సంతకం పెట్టాను, తెలుగులో. బాపయ్య చీరాల వెళ్లి స్పీడు పోస్టు చేశాడు. గడువుకు ఇంకా ఐదు రోజులుందట, అందుతుంది.

కోపం మాత్రం పోలేదు. నానమ్మతో ఇంకా సరిగా మాట్లాడటం లేదు. ఆమె పిలుస్తుంది, నేను దగ్గు వంకతో బయటికి వస్తాను. పాటలో ఏ మాట దగ్గర ఆమె నోరు తెరిచిందో నాకు ఎవరూ చెప్పలేదు. ఆమెనే అడగాలంటే నోరు రావడం లేదు. నువ్వు రాయి. మిగతావి తర్వాతైనా సరే, ఆ ఒక్క మాట ఏమిటో వెంటనే రాయి.

ఇట్లు,
నీకు పాఠం చెప్పిన తాత,
ఇమాం హుస్సేన్