వాలిపోయిన భుజం

అమ్మా,

ఇక్కడ నేనూ నాన్నా బానే ఉన్నాం. నువ్వూ అక్కడ బానే ఉన్నావనుకుంటున్నా. మెసేజైనా ఉత్తరంలా రాయమన్నావుగా, అందుకే ఇంత పొడుగు. తప్పులుంటే నవ్వకు.

నువ్వడిగినవి చెప్తా. నాన్నకి నడుం నొప్పి తగ్గింది, నస తగ్గలేదు. నీ పనిగదిలో చెమ్మ లేదు. చిన్న బొమ్మలన్నిటికీ గుడ్డ కప్పా. పెద్ద బొమ్మ, అదే మన పెద్దావిడ, ఆవిడ సంగతి తర్వాత చెప్తా.

పదేళ్ళు దిండ్లూ పరుపులూ కుట్టిన నీకు ఇప్పుడు ఎగ్జిబిషన్ అని నాన్న ఊరంతా చెప్తున్నాడు. "మా ఆవిడ శిల్పి" అంటాడు. "రాయా, చెక్కా?" అంటే "దూది" అంటాడు. వాళ్ళు నవ్వుతారు, నాన్న కూడా నవ్వుతాడు. నాకలా రాదమ్మా. మా మెకానిక్ షెడ్డులో బొమ్మలంటేనే ఏడిపిస్తారు.

పెద్దావిణ్ణి వారానికోసారి తిప్పమన్నావు కదా, దూది ఒకవైపే దిగిపోకుండా. రెండు వారాలు తిప్పా. మూడో వారం వాన పడితే షెడ్డువాళ్ళు నలుగురు మనింటికొచ్చారు. గ్రీజుగాడు గదిలోకి తొంగిచూసి "ఏంట్రా అది, మీ అమ్మ చేసిందా?" అన్నాడు.

"కాదు. పాత పరుపు, పారెయ్యాలి" అన్నా.

"అయితే ఎక్కండ్రా!" అన్నాడు.

నలుగురూ ఎక్కి సాయంత్రందాకా పేకాడారు. లేవమంటే అది పరుపు కాదని చెప్పాలి కదా. వాళ్ళు వెళ్ళాక చూస్తే కుడి భుజం అణిగిపోయింది, మెడ దగ్గర కుట్టు తెగింది. దూది పొంగడానికి నువ్వు కొట్టినట్టే కర్రతో కొట్టా. లేవలేదు. తెగింది నేనే కుట్టేసి, గోడవైపు తిప్పి పెట్టా.

నిన్న ఎగ్జిబిషన్ ఆయనొచ్చి చూశాడు. "అబ్బ, ఈ వాలిన భుజం! ఎంత బరువు మోసిందో! మీ అమ్మగారి చెయ్యే చెయ్యి" అన్నాడు. అక్కడ బొమ్మ పక్కన గోడకి అతికించే కాయితంలో కూడా అదే రాస్తాట్ట. నేను తలూపా. ముందు నువ్వు చేసింది నీది కాదన్నా. ఇప్పుడు నలుగురు వెధవలు కూర్చుని నలిపింది నీదేనన్నా.

ఇప్పుడు వ్యానొచ్చింది. ఎత్తడానికి గ్రీజుగాణ్ణే పిలిచా, ఇంకెవరూ దొరకలేదు. పెద్దావిణ్ణి పట్టుకోబోతుంటే ఆగమన్నా. డ్రైవర్ "ఆపడానికి నువ్వెవరివిరా?" అన్నాడు.

"ఇది చేసినావిడ కొడుకుని. ఆవిణ్ణి అడక్కుండా కదలదు" అన్నా. గట్టిగానే అన్నా.

గ్రీజుగాడు నా వైపు చూశాడు. "మరి పరుపన్నావు?" అన్నాడు. వాడు చేతులు ప్యాంటుకి తుడుచుకుని గుమ్మం బయట నుంచున్నాడు. రమ్మన్నా లోపలికి రావట్లేదు.

డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. పంపాలా వద్దా నువ్వే చెప్పమ్మా. తిట్లు తర్వాత తిట్టు.

ఇట్లు,
నీ కొడుకు