‘మరియు ఇతరులు’ అనబడే నేను

గ్రంథాలయ ప్రధానాధికారి గారి సముఖమునకు, నీటి సరఫరా పరిశోధన విభాగమునందలి సహాయ పరిశోధకుడు సవినయంగా సమర్పించుకొను అర్జీ.

విషయం: రిఫరెన్సుల సాఫ్ట్‌వేరులో ‘ఎంతమంది రచయితల పేర్లు చూపవలెను’ అను గడియందు గల 3 అను అంకెను 4గా మార్చి ఒక పెళ్లి నిలబెట్టుట గురించి.

అయ్యా,

పై విషయము చూచి తమరు నవ్వుకొనవచ్చును. నవ్వుకున్న పిమ్మట దయచేసి కింది సంగతులు చదవగలరు.

1. సదరు విభాగంలో నా ఉద్యోగపత్రంలో లేని పని ఒకటి నా నెత్తిన ఉంది. మావాళ్లు ఏ పుస్తకం, ఏ వ్యాసం చదివినా దాని వివరాలు సాఫ్ట్‌వేరులోకి ఎక్కించి అందరికీ పంచడం, ఎవరైనా కొత్తగా వ్యాసం రాస్తే చివర ఇవ్వవలసిన రిఫరెన్సుల పట్టికను తమరు ఖరారు చేసిన నమూనాలో తయారుచేసి ఇవ్వడం. నేను రాకముందు మా విభాగాధిపతి గారు తమ వ్యాసాల చివర ‘ఆ నీలం అట్ట పుస్తకం, కిటికీ పక్క బీరువా’ అని రాసేవారు. తరువాత ఆ బీరువాను కూడా అక్కడినుంచి జరిపేశారు. ఇప్పుడు మీట నొక్కితే చాలు, కామాలతో సహా పట్టిక వచ్చి కూర్చుంటుంది. ఈ గొప్ప నాదేనని మనవి. ఆ మీటే నన్ను మింగుతోందని కూడా మనవి.

2. పాత నీటి గొట్టాల లోపల పేరుకునే పాచి గురించి మేము నలుగురం కలిసి ఒక వ్యాసం ప్రచురించియున్నాము. రచయితల వరుస: విభాగాధిపతి గారు, ప్రయోగశాల పెద్దాయన, కళ్లజోడు మేడమ్, నేను. విభాగాధిపతి గారు శీర్షిక పెట్టారు. పెద్దాయన తాళంచెవి ఇచ్చారు. మేడమ్ గ్రాఫులు గీశారు, బాగానే గీశారు, కాదనను. గొట్టాల్లో మోచేతి దాకా చెయ్యి పెట్టి పాచి గోకింది మాత్రం నేను. ఆ రోజుల్లో బస్సు ఎంత కిక్కిరిసి ఉన్నా నా పక్క సీటు ఖాళీగా ఉండేది. అట్టి వ్యాసమును ఇప్పుడు ఎవరు ఉదహరించినా తమరి నమూనా ప్రకారం మూడు పేర్లు పడి, ఆ పైన ‘మరియు ఇతరులు’ అని వస్తోంది. నలుగురిలో ముగ్గురు పోతే మిగిలేది ఒక్కడే. గుంపులో గోవిందా అనుకుని సరిపెట్టుకుందామంటే నాకు గుంపు కూడా లేదు.

3. ఇందులోకి పెళ్లి ఎలా వచ్చిందో విన్నవించుకుంటాను. మా సంస్థ ఎదుటి వీధిలో జిరాక్సు, బైండింగు షాపు నడుపుతున్న ఆవిడ తమరికీ తెలుసు. తమరి వార్షిక నివేదికకు తలకిందులుగా అట్ట వేసింది ఆవిడే. రిపోర్టులు బైండు చేయించడానికి వెళుతూ వస్తూ ఉండగా, బైండు చేయించవలసినవి ఏమీ లేనప్పుడు కూడా వెళ్లడం మొదలైంది. చివరకు పెళ్లి చేసుకుందామని ఇద్దరం అనుకున్నాం. ఆమె తండ్రి గారు తూనికలు, కొలతల శాఖలో తనిఖీ అధికారిగా పనిచేసి రిటైరయ్యారు. ఇప్పటికీ కూరగాయల బండి దగ్గర తూకపు రాయిని తిప్పి చూడందే టమాటా కొనరు. ఆయన నన్ను షాపుకు పిలిపించారు.

“ఏం చేస్తుంటారు?”

“పరిశోధనండి. నీటి గొట్టాల మీద.”

“పేరుందా?”

నేను వ్యాసం తీసి మొదటి పేజీ చూపించాను. ఆయన చేత్తో పక్కకు నెట్టారు.

“ఇది మీ కాగితం. తన రాయి సరైన బరువుందని ఏ దుకాణదారైనా అంటాడు. పక్కవాళ్ల కాగితాల్లో మీ పేరెక్కడుందో చూపించండి.”

వేరే విభాగంవారి రిపోర్టు ఒకటి బల్ల మీదే ఉంది. అందులో మా వ్యాసాన్ని ఉదహరించారు. చివరి పేజీలు తిప్పి చూపించాను. ఆయన వేలు పెట్టి చదువుతూ మూడు పేర్లు దాటి ఆగారు.

“మరియు ఇతరులు.”

“ఆ ఇతరులు నేనేనండి.”

“ఎంతమంది?”

“నేనొక్కణ్ణే.”

“మరి బహువచనం ఎందుకు?”

“గౌరవార్థం అనుకోండి.”

ఆ మాట నేను అనకుండా ఉండవలసింది. ఆయన రిపోర్టు మూసి, “ఊరూ పేరూ లేనివాడికి పిల్లనెలా ఇవ్వమంటావే?” అని కూతురితో అన్నారు, నాకు వినబడేలాగే. నాతో మాత్రం, “విచారిస్తాను” అన్నారు.

4. తమరిని శ్రమ పెట్టకుండా నా అంతట నేను చేసిన ప్రయత్నములు:

(అ) పేర్ల వరుస మార్చమని విభాగాధిపతి గారిని ప్రాధేయపడ్డాను. “నీకు బోలెడంత జీవితం ముందుందోయ్. పేరు వెనకుంటే ఏం పోయింది?” అన్నారు.

(ఆ) కళ్లజోడు మేడమ్‌ను ఒక్క స్థానం వెనక్కి జరగమని అడిగాను. “తమ్ముడూ, కిడ్నీ అడుగు, ఆలోచిస్తాను. మూడో పేరు మాత్రం అడక్కు” అన్నారు.

(ఇ) గుర్తింపు కార్డుల కార్యాలయానికి పోయి నా పేరును చట్టప్రకారం ‘ఇతరులు’ అని మార్చమని కోరాను. గుమాస్తా నా వెనక్కి తొంగిచూసి, “మిగతావాళ్లేరి? అందరూ వచ్చి సంతకాలు పెట్టాలి” అన్నాడు. నేనొక్కణ్ణే అంటే, “ఇంటిపేరు ‘మరియు’ అని రాసుకోమంటారా?” అని అడిగాడు. ఎగతాళో, నిజంగా అడిగాడో తెలియక వచ్చేశాను.

(ఈ) ఆ అంకెను నేనే మార్చబోయాను. సాఫ్ట్‌వేరు తమరి పాస్‌వర్డు అడిగింది. తమరి పుట్టినరోజు కొట్టి చూశాను, తమరి కుక్క పేరు కొట్టి చూశాను. మొన్న సోమవారం సంస్థలో ఎవరికీ సాఫ్ట్‌వేరు తెరుచుకోకపోవడానికి వైర్లు ఎలుకలు కొరకడం కారణం కాదని, ఎలుకల తరఫున తెలియజేసుకుంటున్నాను.

5. ఈ విషయమై తమరి సహాయకుణ్ణి విచారించగా, “ముగ్గురి పేర్లు చాలండీ, కాగితం ఆదా అవుతుంది” అని సెలవిచ్చారు. నా పేరు చాలా చిన్నదని, దానికయ్యే సిరాను నేనే తెచ్చి ఇవ్వగలనని ఇందుమూలముగా హామీ ఇస్తున్నాను.

6. ఆమె తండ్రి గారి దృష్టిలో ఇంకొక సంబంధం ఉంది. ఆ పెళ్లికొడుకుకు ఫ్యాన్ల దుకాణం. బోర్డు మీద ఆయన పేరు రెండు వైపులా రాసి ఉంటుంది. చీకటి పడితే వెలుగుతుంది కూడా. అయ్యా, అలాంటివాడి ముందు ‘ఇతరులు’ ఎలా నిలబడతాడు? ఆమె లేకపోతే నాకు తోచదు. ఆమె ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతూ నాకు కుర్చీ చూపిస్తే అక్కడే సాయంత్రం దాకా కూర్చోగలను. ఈ వాక్యాలకు ఆధారం చూపమంటే చూపలేను.

కావున తమరు పెద్దమనసు చేసుకుని, సదరు గడిలో 3 తీసి 4 వేయవలసినదిగా ప్రార్థన. అయిదో రచయిత ఎవరైనా రేపు ఇలాంటి అర్జీయే పెట్టుకుంటే, అతడి సంబంధం ఎంతవరకు వచ్చిందో కనుక్కుని తమరే నిర్ణయించగలరు. నా మొర ఆలకించి, చిత్తగించవలెను.

తమ విధేయుడు,
నాలుగో రచయిత

తా.క. పై అర్జీని వెనక్కి తీసుకోవడానికి ఈ ఉదయం తమరి కార్యాలయానికి వచ్చాను. ముద్ర పడ్డ కాగితం వెనక్కి ఇవ్వరట, కావాలంటే కింద ఏదైనా చేర్చవచ్చట. అందుచేత చేరుస్తున్నాను.

ఆమె తండ్రి గారు అన్నంత పనీ చేశారు. విచారించారు. షాపులో కూర్చుని, బైండింగుకు వచ్చిన ప్రతి రిపోర్టుకూ చివరి పేజీలు తిరగేశారట. వంతెనల పగుళ్లు, పశువుల గాలికుంటు, తేనెటీగలు, బ్యాంకులు, మోకాలి చిప్ప మార్పిడి. ఎందులో చూసినా నేనే ఉన్నాను. నిన్న కూతుర్ని వెంటబెట్టుకుని నా గదికి వచ్చారు. కుర్చీ వేసినా కూర్చోలేదు.

“బాబూ, ఏవో నీటి గొట్టాలే అనుకున్నాను. ఇన్ని చేసి, ఒక్కచోటయినా సొంత పేరు వేసుకోలేదు. నా సర్వీసులో ఇంత వినయం చూడలేదు.”

“అవన్నీ నేను కాదండి. ఆ ఇతరులు వేరే ఇతరులు.”

“ఇదిగో, మళ్లీ వినయం” అని ఆయన సొంత ఇంట్లో ఉన్నట్టుగా నా మంచం మీద కూర్చుని, ప్యాంటు మడిచి మోకాలు చూపించారు. “మెట్లెక్కితే కలుక్కుమంటోంది. కొంచెం చూడు.”

చూశాను. ఏం చేయను. ఆయన వెనక నిలబడి ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర నాతో, “మీరు నిజం చెప్పారు, ఆయన వినలేదు. ఇంక ఊరుకోండి. పెళ్లయ్యాక నేను చెప్తాను” అంది. ముహూర్తం మాట కూడా అనుకున్నారు. ఫ్యాన్ల ఆయనకు కబురు పంపేశారు. నా సంతోషం తమరికి చెప్పుకోకుండా ఉండలేకపోతున్నాను.

తండ్రి గారు ఒక్క షరతు పెట్టారు. “పెళ్లయ్యాక మాత్రం ఈ రాతలు కాస్త తగ్గించుకోవాలి బాబూ. ఇల్లు కూడా చూసుకోవాలి కదా.” తగ్గించుకుంటానని మాట ఇచ్చాను.

కావున ప్రార్థన ఏమనగా, పెళ్లి అయ్యేదాకా ఆ 3 జోలికి వెళ్లవద్దు. పెళ్లయిన మర్నాటి నుంచి 4 చేయండి, కొన్నాళ్లకు 5, ఆ పైన 6, అలా మెల్లమెల్లగా పెంచుకుంటూ పోండి. రిపోర్టుల్లో ‘ఇతరులు’ తగ్గేకొద్దీ, అల్లుడు మాట నిలబెట్టుకుంటున్నాడని మా మామగారు షాపులో కూర్చుని తృప్తిపడతారు.